చేతుల మీద కూర్చోమన్న రోజు

నా చెవులు పోయింది జ్వరం వల్ల, మాట రానిది మాత్రం అమ్మ వల్ల అని పటాన్‌చెరులో ఒక పెద్దమనిషి తేల్చేశాడు. ఆయన పరిశోధకుడు. వినికిడి లేని పిల్లలకు మాటలు ఎలా వస్తాయో తెలుసుకోవడానికి హైదరాబాద్ నుంచి ఒక బృందం వచ్చి, ఒక బడిలో గది తీసుకుని మా ఈడు పిల్లలను చూసేది. ఎనభైల నాటి సంగతి. నాకప్పుడు ఐదేళ్లు.

అమ్మ మా ఊరు భానూర్ నుంచి రోజూ ఫ్యాక్టరీకి పోయేది. సీసాలు నింపే షెడ్డులో పని. ఆ మిషన్ల మోతలో ఎంత అరిచినా పక్కమనిషికి వినబడదట. అందుకే ఆడవాళ్లంతా చేతులతోనే ముచ్చట్లు పెట్టుకునేవారు. బువ్వ తిన్నావా, బిడ్డకు నయమైందా, నీళ్లు తే, అన్నీ అలాగే. సూపర్‌వైజర్ వస్తున్నాడంటే మీసం మెలేసినట్టు చూపించేవారు. నాకు చెవులు పోయాక అమ్మ ఆ భాషనంతా ఇంటికి మోసుకొచ్చింది. మీసం గుర్తు మా నాన్నకు అంటుకుంది. ఆయనకు మీసమే లేదు. పాపం, చివరిదాకా ఆ పేరుతోనే బతికాడు.

పరిశోధకులకు ఇదే నచ్చలేదు. చేతులు ఆడిస్తే నోరు బద్ధకిస్తుందని వాళ్ల నమ్మకం. ఛాతీ మీద వేలాడే వినికిడి మిషను, ప్రత్యేక తరగతిలో చోటు ఇస్తామన్నారు. ఒకటే షరతు: ఇంట్లో చేతుల మాట బందు కావాలి. అమ్మ సరేనంది. ఎవరనరు?

పరీక్ష రోజు నా మెడలో మిషను వేసి, బల్ల మీద నీళ్ల గ్లాసు పెట్టారు. నేను నోటితో "నీళ్లు" అంటేనే ఇవ్వాలి. అమ్మను నా ఎదురుగా, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నారు. ఎండలో బస్సు దిగి వచ్చాం, నా గొంతు ఆరిపోయి ఉంది. బొటనవేలు నోటి దగ్గర పెట్టి అమ్మను అడిగాను. అమ్మ కదలలేదు. మళ్లీ అడిగాను. బుద్ధెరిగాక అమ్మ నాకు జవాబివ్వకపోవడం అదే మొదటిసారి. ఏదో తప్పు చేశాననుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

అంతే, అమ్మ చేతులు బయటికొచ్చాయి. ఆ తర్వాత జరిగిన మాటలు, పక్కనే ఉన్న మా అక్క నాకు చెప్పింది.

"చేతులు తీయకండమ్మా, పరీక్ష పాడైపోతుంది" అన్నాడు ఆ పెద్దమనిషి.

"పాడైతే కానీ సారూ. నా బిడ్డ నీళ్లడుగుతున్నది."

"ఇలాగైతే ఈ పిల్లకు ఎప్పటికీ మాట రాదు."

"మా షెడ్డుల అందరం చేతులతోనే మాట్లాడుకుంటం. మాకేమన్న నోరు పడిపోయిందా? మీ డబ్బా మీరే పెట్టుకోండ్రి."

మిషను నా మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. గ్లాసు నా చేతికిచ్చింది. తరగతిలో చోటు పోయింది. ఊరి బడిలో ముందు వరుసలో కూర్చుని, ఇంటికొచ్చాక అక్క చేతులతో చెబితే చూసి చదువుకున్నాను. ఆ మిషను ఉండుంటే నాలుగు మాటలు వచ్చేవేమో. బాధ లేదని చెప్పను, ఉంది. కానీ అమ్మ ఆ రోజు చేతుల మీదే కూర్చుని ఉంటే, ఆ నాలుగు మాటలూ నేను ఎవరితో మాట్లాడాలి?

రెండువేల సంవత్సరం దాటాక మరో బృందం మా ఇంటికే వచ్చింది. ఈసారి వీడియో కెమెరా తెచ్చారు. ఇళ్లలో పుట్టిన చేతుల భాష మీద పరిశోధనట. చూశారా, చేతులు మంచివైపోయాయి! వచ్చినవాళ్లు మంచి పిల్లలే, అక్క ద్వారా మర్యాదగానే అడిగారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కెమెరా ముందు కుర్చీలో కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. వాళ్లు చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను.

గడపలో కూర్చున్న అమ్మ నన్ను చూసి భుజాలు ఊగేలా నవ్వింది. ఆమె వేళ్లు వంకరపోయాయి ఇప్పుడు. ఆ వేళ్లతోనే అడిగింది, ఏం కావాలె బిడ్డా అని.

చేతులు తీశాను. బొటనవేలు నోటి దగ్గర పెట్టి, నీళ్లు అన్నాను. కెమెరాలో ఏం పడిందో నాకు తెలియదు. నేను చెప్పింది అమ్మకు.