అచ్చు పడని తెలుపు

ఎంతటివాళ్ళొచ్చినా టైలరమ్మ కుట్టుమిషను ముందు నుంచి లేవదు. నిలువెత్తు మనిషికైనా కూర్చునే కొలతలు తీసేస్తుందని వీధంతా చెప్పుకుంటారు. ఆ ఉదయం ఆవిడ కొండగుళ్ళ యాత్రకని తనకూ తోడికోడలికీ చలికి దూది కూరిన కోట్లు కుడుతోంది. తోడికోడలు యాత్రలవాళ్ళిచ్చిన పెద్ద బొమ్మ తెచ్చి ఎదురుగా గోడకు అంటించింది.

“ఇదేనా గుడి? అగ్గిపెట్టెంత కూడా లేదు! దీనికోసమా నా మోకాళ్ళు అరగదీసుకోవడం?” అని టైలరమ్మ చిరచిరలాడింది. “పైగా ఆ పైనంతా తెల్లగా వదిలేశారు. అచ్చేసినవాడికి రంగు అయిపోయినట్టుంది.”

“వదిలేయడమేంటక్కా? అదంతా కొండే. మంచు.”

“చాల్లే, నా చెవిలో పువ్వులు పెట్టకు” అంటూనే టైలరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. ఆ తెలుపులో సన్నటి నీడలు కనిపించాయి. బట్టలో మడతలు పట్టే కన్ను కదా, ఒక్కో మడతనూ పట్టుకుని పైకి వెళ్ళింది. మడత మీద మడత. గుడి ఎక్కడో అడుగున, అంచుకు కుట్టిన గుండీలా ఉండిపోయింది. మెడ వెనక్కి వాలినా కొండ అయిపోలేదు, కాగితమే అయిపోయింది.

“అమ్మ బాబోయ్!” అంది.

తోడికోడలు తిరిగి చూసేసరికి టైలరమ్మ లేచి నిలబడి ఉంది.