వంతెన దగ్గర ఆగిన ఆట

ఆ కంప్యూటరు ఆటలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. పలకరించిన ప్రతి ముసలాయనా రాజవంశం కథంతా చెప్పిగానీ వదలడు. సంచీ కాస్త బరువెక్కితే చాలు, నడక నత్తనడక అవుతుంది. అన్నిటికన్నా దారుణం, ఆడినంతవరకు భద్రం చేసుకోవాలంటే దారిలో విడిది దొరకాలి. మధ్యలో ఆగిపోతే వెనకటి విడిది నుంచి మళ్ళీ మొదలు. దీన్ని తయారుచేసినవాళ్ళ ఇళ్ళలో కరెంటు పోదు కాబోలని తిట్టుకునేదాన్ని.

అయినా వదల్లేకపోయాను. అడవిలో వాన మొదలైతే మన వెంట నడిచేవాళ్ళు గొణుక్కుంటూ ఒకరి గొంగడి కింద ఒకరు దూరతారు. ఒక మాట తేడాగా అంటే పది ఊళ్ళు దాటినా మరిచిపోరు. మంత్రాలు, రాక్షసులు ఏ ఆటలోనైనా ఉంటాయి. ఇంతలా అలిగే మనుషులను మాత్రం ఇందులోనే చూశాను.

శంషాబాద్‌లో మా కిరాయి ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. నాది ఎయిర్‌పోర్టు కార్గోలో పొద్దుటి డ్యూటీ, మా ఆయనది కాటేదాన్‌లో ఒక వర్క్‌షాపులో మధ్యాహ్నం షిఫ్టు. ఒకే వీరుణ్ణి ఇద్దరం వంతులవారీగా ఆడించేవాళ్ళం. ఆయన సంచీ నిండా గొడ్డళ్ళు నింపేవాడు. నేను వాటిని అమ్మేసి మూలికలు కొనేదాన్ని.

ఆ వేసవిలో మా మధ్య మాటలు లేవు. కార్గోలో నన్ను సూపర్‌వైజరుగా ఉండమన్నారు, రాత్రి డ్యూటీలు కూడా పడతాయన్నారు. బావగారు ఆ సంగతి అడిగితే మా ఆయన నా పక్కనే కూర్చుని, "అది ఒప్పుకోదు తియ్యన్నా" అనేశాడు. నేనింకా ఆలోచించనే లేదు. నా నోటితో చెప్పాల్సిన జవాబు ఆయన చెప్పేసినందుకు ఒళ్ళు మండిపోయింది. అప్పటినుంచి నేను అన్నం వండి మూత పెట్టడం, ఆయన తిని గిన్నె కడిగి పెట్టడం, అంతే మా సంసారం. శుక్రవారం దాకా చూసి రావిర్యాలలో అమ్మవాళ్ళింటికి వెళ్ళిపోదామని బట్టలు సర్దుకున్నాను.

శుక్రవారం డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన షిఫ్టుకు వెళ్ళిపోయాడు, కంప్యూటరు మాత్రం నడుస్తూనే ఉంది. ఫ్యాను ఊరికే తిరిగినా సణిగే మనిషి అలా వదిలేసి వెళ్ళడం ఎన్నడూ లేదు. తెర మీద ఒక వంతెన కూలడానికి సిద్ధంగా ఉంది. వెంట ఉన్న ఇద్దరిలో ఒక్కరినే దాటించగలం. విలుకాడా, వైద్యురాలా? విలుకాడంటే ఆయనకు ప్రాణం, వైద్యురాలంటే నాకు. ప్రశ్న అలాగే ఉంది, జవాబు నొక్కలేదు.

కుర్చీలో కూర్చున్నానో లేదో గాలిదుమారం లేచి కరెంటు పోయింది. యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది. అది పాతది, ఎక్కువసేపు ఆగదు. వెనకటి విడిది ఎక్కడో ఉండిపోయింది, ఆయన పొద్దుటినుంచి ఆడిందంతా పోతుంది. కొత్త విడిది వంతెనకు అవతలే కనిపిస్తోంది. మౌస్‌ను వైద్యురాలి పేరు మీదికి తెచ్చాను. నొక్కబోయి ఆగాను. అడక్కుండా నొక్కేస్తే ఆయనకూ నాకూ తేడా ఏముంది? అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆయనకు ఫోను చేశాను.

"కరెంటు పోయింది. యూపీఎస్ కూస్తున్నది. ఎవర్ని దాటియ్యాలె? జల్ది చెప్పు."

వెనక మిషన్ల మోత. "నీ ఇష్టం."

"మరి పొద్దున నువ్వెందుకు నొక్కలే?"

మోత తగ్గింది. బయటికి నడిచి వచ్చినట్టున్నాడు.

"ఒకసారి నిన్నడగకుంటనే జవాబు చెప్పిన. మళ్ల గట్ల చెయ్యొద్దనుకున్న."

మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. ఇంతలో కూత ఆగి తెర నల్లబడింది.

"పోయిందా?"

"పోయింది. పొద్దుగాల్నుంచి నువ్వాడిందంత."

"పోనియ్. మళ్ల ఆడుదాం."

ఆ ఆటలో అదే పెద్ద లోపమని ఇప్పటికీ ఎవరడిగినా చెబుతాను. వంతెన దగ్గరే భద్రం చేసుకోనిచ్చి ఉంటే మాత్రం ఆ రోజు నేను ఫోను చేసేదాన్ని కాదు.

"సూపర్‌వైజర్ పనికి ఒప్పుకుంటున్న," అన్నాను ఫోను పెట్టేసేలోపే. "రాత్రి డ్యూటీలు గూడ ఉంటయ్."

సర్దిన సంచీ మంచం కిందే ఉంది.

"ఒప్పుకో," అన్నాడు. "ఇగ రాత్రిళ్లు నేనాడుత. నా గొడ్డళ్లయితే అమ్మకు."