జామీను మీద ఉన్న ఆవు

మా పెద్దమ్మ పాలమ్మి బతికింది. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసి, పెదనాన్న పోయాక కూడా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక్క ఆవును పెట్టుకుని నెట్టుకొచ్చింది. ఆ ఆవును ఒక తెల్లవారుజామున ఎవడో విప్పుకుపోయాడు. ఎవడో ఏమిటి, పెద్దమ్మ కళ్ళారా చూసింది. పక్క సందులో ఉండి బస్తాలు మోసే పొట్టోడు. మోకాళ్ళ నొప్పులతో వెంటపడలేక గొంతు చించుకుని అరిచింది. సాయంత్రానికల్లా పోలీసులు పశువుల సంతలో వాణ్ణీ ఆవునూ ఇద్దరినీ పట్టుకున్నారు.

అసలు తంటా అప్పుడు మొదలైంది. దొంగకు త్వరగానే జామీను దొరికింది. ఆవుకూ దొరికిందనుకోండి, కాకపోతే పూచీ పెద్దమ్మది. కేసు తేలేదాకా దాన్ని అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, కోర్టువారు అడిగితే చూపించాలి. కేసు ఏళ్ళ తరబడి సాగింది. ఈలోగా ఆవు వట్టిపోయింది. చుక్క పాలివ్వని ఆవుకు మేత, నీళ్ళు, సేవలు. వాయిదాలకు నేనే తీసుకెళ్ళేవాణ్ణి. "ఇంతకీ శిక్ష ఎవరికి పడిందిరా?" అనేది కోర్టు బెంచీ మీద నడుము పట్టుకుని.  దానికి జవాబు చట్టం దగ్గర ఉన్నట్టు లేదు.

ఈ మధ్యలో పొట్టోడి తల్లి రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు గుమ్మంలో నిలబడి, "మొహం సరిగ్గా కనబడలేదని కోర్టులో ఒక్క మాట చెప్పమ్మా. మూడేళ్ళ దాకా వేస్తారంట" అంది.  ఆ మాట మళ్ళీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి షెడ్డు ఊడ్చింది. ఇక రోజూ అంతే. పేడ ఎత్తేది, తొట్టి కడిగేది, వెళ్ళిపోయేది. నాకు ఒళ్ళు మండింది.

"మొహమాటపెట్టి నీ నోరు కట్టేస్తోంది. రావద్దని చెప్పు" అన్నాను.

"నా మోకాళ్ళు వంగడం లేదు. నువ్వొచ్చి ఎత్తుతావా?"



సంగతి తెలిసి ప్రభుత్వ ప్లీడరు చిరాకుపడ్డాడు. "ముద్దాయి తల్లితో పని చేయించుకుంటే లాలూచీ పడ్డావంటారమ్మా."

"పేడ ఎత్తితే లాలూచీ ఎలా అవుతుంది బాబూ" అంది పెద్దమ్మ, నిజంగానే అర్థం కాక.

సాక్ష్యం చెప్పాల్సిన రోజు బస్సులో, "ఏం చెప్పమంటావురా?" అని అడిగింది.

"చూసింది చెప్పు."

"నీకేం. రేపు ఆవిడ మొహం చూడాల్సింది నేను."

వాణ్ణి జైలుకు పంపాలన్నా, ఇంటికి పంపాలన్నా ఈవిడ మాటే. ఆవును ఎవడో పట్టుకోమని ఇచ్చాడంటున్నాడు వాడు, విప్పుకుపోతుంటే చూసిన వేరే సాక్షి లేడు. ఆవును తోలుకుపోయింది ఎవరని ప్లీడరు అడిగాడు. పెద్దమ్మ చాలాసేపు బోను చెక్కను పట్టుకుని నిలబడింది. తలుపు దగ్గర ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఈ అబ్బాయే" అంది చివరికి. బయటికొచ్చాక, "చూసింది చూడలేదని అనలేకపోయానురా" అని ఏడ్చింది. నెల తిరక్కుండా తీర్పు వచ్చి, పొట్టోడికి రెండేళ్ళు జైలు పడింది. ఆవును ఇక ఏం చేసుకున్నా మీ ఇష్టం అన్నారు కోర్టువారు.

తీర్పు మర్నాడు పొద్దున్నే, ఆవును కొంటానని బేరం కుదుర్చుకున్న మనిషిని పిలుచుకురానా అని అడగడానికి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే పొట్టోడి తల్లి షెడ్డు ఊడుస్తోంది. పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంకెందుకమ్మా? అయిపోయిందిగా."

"తెలుసమ్మా" అంది ఆవిడ, ఊడ్చడం ఆపకుండా. "రోజూ ఇక్కణ్ణుంచి వెళ్ళి వాడికి అన్నం వండేదాన్ని. ఇంట్లో ఏం చెయ్యాలో తోచలేదు."

పెద్దమ్మ మెల్లగా గడప మీద కూలబడింది. నావైపు తిరగకుండానే, "ఆ బేరం మనిషిని రావద్దని చెప్పు" అంది.