సముద్రపు ఒడ్డున తవ్విన చెలిమ

మొన్న మా మేనకోడలు సముద్రతీరానికి సెలవులకు వెళితే ఏమేం చూడాలో, ఎక్కడెక్కడ తినాలో ఎవరో రాసినదాన్ని ఫోన్‌లో చూసి గడగడా చదివి వినిపించింది. పడవ షికారట, దీపస్తంభమట, రొయ్యల వేపుడట. వింటున్నంతసేపూ నాకు ఒళ్లు మండింది. ఆ పాపం పిల్లది కాదు, మా పెదనాన్నది.

రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో మన బూర్గంపాడు వైపు షికారంటే ఏమిటో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. కిరాయి జీపు మాట్లాడుకుని, అందులో బియ్యం, పొయ్యి, గిన్నెలు, కాళ్లు కట్టేసిన కోళ్లు సర్దాక, మిగిలిన సందుల్లో మనుషులను కుక్కుకుని పోవడం. ఆ ఎండాకాలం మేము చీరాల దాటి సముద్రానికి పోయింది మాత్రం పెద్దమ్మ కోసమే. పుట్టిన నాటి నుంచి గోదారి ఒడ్డునే బతికిన మనిషి, "గింత గోదారిని మింగేది ఎట్లుంటదో, ఒక్కసారి అండ్ల కాళ్లు పెట్టి నిలబడాలె" అని ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా, పెదనాన్న దేశానికి స్వాతంత్ర్యం ఇస్తున్నంత గంభీరంగా ఒప్పుకున్నాడు.

తీరా దిగాక ఆయన చేసిన మొదటి పని, సముద్రానికి వీపు పెట్టి, పొయ్యి ఎక్కడ వెలిగించాలో పెద్దమ్మకు చూపించడం. పక్కనే తాటాకు పాకలో ఒకావిడ చేపలు వేయిస్తుంటే ఆ వాసనకు నా ప్రాణం నాకంటే ముందే పాకలోకి వెళ్లిపోయింది గానీ, బయట తింటే ఇంటి పరువు పోతుందన్నాడు. పరువుకేం, దానికి ఆకలి వేయదు. తెచ్చుకున్న నీళ్లు దారిలోనే అయిపోయాయి. వాగు ఇసుకను తోడి, ఆ చెలిమలో ఊరిన నీళ్లు తాగి పెరిగిన పెదనాన్న, అలల పక్కనే కూర్చుని చెలిమ తవ్వడం మొదలుపెట్టాడు.

"అయ్యో, అవి ఉప్పునీళ్లండీ బాబూ! మా కుండలోవి పట్టుకెళ్లండి," అని పాకలో ఆవిడ కేకేసింది.

"ఇసుకల ఊరిన నీళ్లు ఏడనైనా తియ్యగనే ఉంటయ్. మాకు జెప్తున్నవా?" అన్నాడు పెదనాన్న.

ఆ నీళ్లతోనే అన్నం, కోడికూర అయ్యాయి. మగవాళ్లు తినకముందు వండినవాళ్లు నాలుక మీద వేసుకోకూడదన్నది మా ఇంటి రివాజు కాబట్టి మొదటి ముద్ద పెదనాన్నకే దక్కింది. ఆయన ముఖం చూశాక నాకు దేవుడి మీద నమ్మకం కుదిరింది.

"ఏందిది, ఉప్పు బస్తా బోర్లేసినవా?"

"నేనేసింది చిటికెడే. కడమది నీ చెలిమ ఏసింది," అంది పెద్దమ్మ.

మాట గెలిచింది గానీ, గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది. పాకలోంచి నీళ్లు తెచ్చి మళ్లీ వండి, అందరికీ వడ్డించి, ఇసుకతో గిన్నెలు తోమి ఆమె నడుం ఎత్తేసరికి జీపు డ్రైవర్ హారన్ మోగించాడు. "సముద్రం ఏడికి పోతది, ఇంకోసారి వద్దాం, జల్దీ ఎక్కు," అన్నాడు పెదనాన్న. నిజమే, సముద్రం ఎక్కడికీ పోలేదు. పోయింది పెద్దమ్మ వయసు.

ఇప్పుడు మాకు కార్లున్నాయి, పరువు కూడా హోటల్ తిండికి అలవాటుపడింది. చేపల పులుసు బాగాలేదని వంకలు పెడుతూనే పెదనాన్న రెండోసారి వడ్డించుకుంటాడు. పోయిన ఏడు పట్టుబట్టి పెద్దమ్మను మళ్లీ తీసుకెళ్లాం. పొయ్యి లేదు, గిన్నెలు లేవు, తొందరపెట్టే డ్రైవర్ లేడు. ఆమె మోకాళ్లు కూడా బాగానే ఉన్నాయి. చెయ్యి పట్టుకుని దింపబోతే ఆమె సీటులోనే సర్దుకుని కూర్చుని, మా అందరి చెప్పులూ తన కాళ్ల దగ్గరికి లాక్కుంది.

"మీరు పోయి రాండ్రి బిడ్డా, సామాన్లు నేను చూస్త," అంది.