అవ్వ పెట్టిన కేక

మొన్న చిత్తూరు బస్సులో పక్కసీటు అమ్మాయి ఫోన్లోంచి గరగరమనే గిటారు మోత వినబడగానే నాకు నవ్వాగలేదు.

తొంభైల్లో, నాకు ఏడేళ్లప్పుడు, బెంగళూరులో చదువుతున్న మా చిన్నాయన సెలవులకు బంగారుపాళ్యం వస్తూ ఒక ఇంగ్లీషు రాక్ ఆల్బం క్యాసెట్ తెచ్చాడు. అట్ట మీద జులపాల కుర్రాళ్ల బొమ్మ. మామిడితోపులో కాయలు కోస్తుంటే టేప్‌రికార్డర్లో పెట్టాడు. గిటారు రంపంలా కోసింది. పాడేవాడు గొంతు చించుకున్నాడు. అతన్ని ఎవరో కొడుతున్నారనుకుని నేను ఏడుపందుకున్నాను.

మా అవ్వ కూడా కాయల గంప దించేసి పరుగెత్తుకొచ్చింది. "ఎవుర్రా ఆ బిడ్డ? ఏమైందిరా వానికి?"

"ఏమీ కాలేదుమా. మనసులో ఉండే కోపమంతా పాటలో అరస్తా ఉండాడు," అన్నాడు చిన్నాయన.

అవ్వ కాసేపు శ్రద్ధగా వింది. "అరిస్తే పోతాదా కోపం?"

"నువ్వే అరిసి సూడుమా."

తాత ముందు ఏనాడూ గొంతు పెంచని అవ్వ, కొంగు నడుముకు దోపుకుని, ఆ పాటతో పాటు ఒక్క కేక పెట్టింది. కొమ్మల్లో కాకులు లేచిపోయాయి. నేనూ ఏడుపు మాని అరిచాను. కాయలు కోసేవాళ్లూ అందుకున్నారు. తోపంతా అరుపులే, నవ్వులే.

క్యాసెట్ ఆగింది. చెమట తుడుచుకుంటూ అవ్వ అంది: "ఇంకోతూరి పెట్టరా అబ్బోడా. ఇంకా శానా ఉండాది."

ఆమె అన్నది కోపం గురించని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు మాత్రం పాటలనుకుని, పరుగెత్తి క్యాసెట్ రెండోవైపు తిప్పి పెట్టాను.