తోలుగుడ్డు

దొడ్లో కాసిన తొలి సొరకాయనైనా, కోడిపెట్ట తొలిగుడ్డునైనా అమ్మ వంటింట్లోకి రానివ్వదు. ఆదివారం చర్చికి తీసుకెళ్ళి ఇస్తుంది. ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు వాటిని వేలం వేస్తారు. మా సొరకాయను ఎవరో పాడుకుపోతుంటే, ఇంటికొచ్చి ఉత్త పప్పుతో అన్నం తినాలంటే నాకు చిన్నప్పటి నుంచీ మంటే. నాయినకు ఆ గొడవే పట్టదు. వేలం మొదలవగానే బయటికెళ్ళి చెప్పుల దగ్గర కబుర్లు పెట్టుకుంటాడు.

ఈ మధ్య మా ఎర్రపెట్ట గుడ్డుకొచ్చే రోజుల్లోనే నాయిన మెడ పక్కన గడ్డ లేచింది. మిర్యాలగూడ రైస్ మిల్లులో ఏళ్ళ తరబడి బస్తాలు మోసిన మనిషి. సూర్యాపేట దవాఖానలో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా క్యాన్సర్ అనే మాట మా ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. నాయిన మాత్రం “జర గడ్డ లేస్తేనే గింత పరేషానా? పోయి పని సూస్కోండ్రి” అని మమ్మల్నే కసిరేవాడు.

ఆయనకేం కాకుంటే ఎర్రపెట్ట తొలిగుడ్డు ఇస్తానని అమ్మ ప్రభువుకు మొక్కుకుంది.

“ఎట్లాగూ ఇచ్చేదే గదనే, మళ్ళ మొక్కేంది?” అన్నాను.

“ఊరికె ఇచ్చుడు యేరు, అడిగి ఇచ్చుడు యేరు” అంది.

పెట్ట తల మీది తురాయి ఎర్రబడింది. వీపు మీద చెయ్యి వేస్తే చతికిలబడుతోంది. మంచం కిందా, కట్టెల సందునా చోటు వెతుక్కుంటూ తిరుగుతోంది. అమ్మ గడ్డి పరిచి దాని మీద గంప మూసింది.

రేపు రిపోర్టుకు వెళ్ళాలనగా ఆ పొద్దున గంప ఎత్తితే గుడ్డుంది. పెంకు లేదు, పైన తోలు ఒక్కటే. వేలు పెడితే సొట్ట పడుతోంది.

“గిదేంది బిడ్డా, గిట్ల పెట్టింది?” అమ్మ అక్కడే కూలబడింది.

బళ్ళో సైన్సు చెప్పేదాన్ని, ఊరుకుంటానా? “కొత్తగ గుడ్డుకొచ్చినయి అప్పుడప్పుడు గిట్లనే పెడ్తయి. సున్నం తక్కువైంది, గంతే” అన్నాను.

“దేవునికి తోలుగుడ్డు ఎట్లిస్తం? ఆయనకే తీసుకోబుద్ధి అయితలేదేమో.”

నాకు ఒళ్ళు మండింది. కోడి కడుపులో సున్నానికీ నాయిన మెడకూ ఏం సంబంధమని అరిచాను. అరిచి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. నిజం చెప్పాలంటే, ఆ గుడ్డు చూడగానే నాకూ గుండె జారింది.

మర్నాడు డాక్టరు కాగితం చూసి “మామూలు గడ్డే, భయపడాల్సిందేం లేదు” అన్నాడు. నేను అక్కడి బల్ల మీదే కూర్చుండిపోయాను. ఎంత హాయి! నాయిన “ఇగ పాండ్రి, బిర్యానీ తిందాం” అని ముందు నడిచాడు. అమ్మ మాత్రం హోటల్లో ముద్ద చేతిలో పట్టుకుని “ఇంటికాడ పెట్ట ఏం చేసిందో” అంది. డాక్టరు మాట ఆమెకు సరిపోలేదు, కోడి కూడా చెప్పాలి.

ఆ రోజు నుంచి ఎండిన గుడ్డు పెంకులు దంచి, నూకల్లో కలిపి దానికి వేసింది. ఆదివారం మేం చర్చికి తయారై నిలబడితే, ఆమె కొత్త చీరతోనే గంప దగ్గర కూర్చుంది. పెట్ట కొక్కొక్కో అని ఇల్లు లేపింది. చిన్న గుడ్డు, ఒక పక్కన సన్నని నెత్తుటి గీత. అమ్మ గోటితో టకటకా కొట్టి చూసింది.

“గట్టిగున్నది బిడ్డా” అని, అప్పుడు ఏడ్చింది. రిపోర్టు వచ్చినందుకు ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడే ఏడ్చింది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద మా గుడ్డు పైకెత్తి పాట మొదలుపెట్టాడు. వెనక నుంచి నాయిన గొంతు వినిపించింది. బయటికి వెళ్ళలేదన్నమాట. ఎవరో పెంచితే ఆయనా పెంచాడు. వాళ్ళు ఆగిపోయినా తన పాట మీద తానే ఇంకా పెంచుతున్నాడు. అందరూ నవ్వారు.

“ఇంకెవరు పాడతలేరన్నా, ఆగు” అన్నాడు పెద్ద.

నాయిన వచ్చి రెండు చేతులా గుడ్డు అందుకున్నాడు. అమ్మ లాగే గోటితో టకటకా కొట్టి చూసుకున్నాడు. అమ్మ అది చూసింది.

“గంత భయమైతే నాకు సెప్పొద్దా?” అంది మెల్లగా.

“నువ్వు గంపకాడ ఏడుస్తుంటే, నేనేడ ఏడ్వాలె?” అన్నాడు నాయిన.