కడప ల్యాబుకు నేను వేయించిన తాళాలు

మొన్న సోమవారం కడపలో పదిహేడు మందిని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టాను. అదీ కర్నూలు పక్కన కల్లూరులో, మా ఆఫీసు గడప దాటకుండానే.

కడపలో రక్తపరీక్షలు చేసే ల్యాబు ఒకటి మా క్లయింటు. వాళ్ల టోకెన్ల సాఫ్ట్‌వేర్ మొండికేస్తే మేం ఇక్కడినుంచే వీపీఎన్ వేసుకుని వాళ్ల కంప్యూటర్లోకి పోయి సరిచేసి వస్తాం. ఆరోజు పొద్దున ఎనిమిదికే రిసెప్షన్లో ఉండే షాహీన్ ఫోన్ చేసింది. టోకెన్లు రావడం లేదంట. జనం రాత్రినుంచి ఏమీ తినకుండా వచ్చి కూర్చున్నారంట. షుగరున్న పెద్దాయన ఒకాయన కండ్లు తిరుగుతాండాయంటున్నాడంట.

ఐదు నిమిషాలన్నాను.

వీపీఎన్ కనెక్ట్ కాలేదు. మూడుసార్లు చూశాను. తప్పు వాళ్లదేనని తేల్చేసి, ల్యాబు నెట్‌వర్కు చూసే ఓబులేసుకు ఫోన్ చేసి దులిపేశాను. నేను కాలేజీ మెట్లెక్కినదాన్ని కాదు, ఈ విద్యంతా పాత పుస్తకాలు కొని చదివి నేర్చుకున్నా. అందుకే తిట్టేటప్పుడు కూడా అధ్యాయాల వారీగా తిడతాను. ఆయన ఓపిగ్గా అంతా విని, మీరసలు మా గడపదాకా రానే లేదు మేడమ్, మీ ఆఫీసు ఫైర్‌వాలే మిమ్మల్ని ఆపుతాండాది అన్నాడు.

సరే, ఆఫీసు నెట్ ఎవరికి కావాలని ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను. ఈసారి గడపదాకా పోయాను. లోపలికి రానీయలేదు. మళ్లీ ఓబులేసు.

"మీ ఆఫీసు నెట్ నుంచి తప్ప ఇంగ యాడనుంచొచ్చినా రానీయొద్దని పోయిన నెల మీరే చెప్పింటిరి గదా మేడమ్. గంటసేపు చెప్పింటిరి."

ఫోన్లో అడిగితే అస్సలు తెరవొద్దని కూడా నేనే చెప్పానంట.

లేచి, మా ఫైర్‌వాల్ చూసే మద్దిలేటి దగ్గరికి పోయాను. స్టాఫు వీపీఎన్‌లు వేసుకుని క్రికెట్ చూస్తున్నారని పోయిన వారం అన్నీ మూయించింది నేనే. ఈ ఒక్కటి తెరువప్పా అంటే ఫారం తీసి ముందర పెట్టాడు. అడిగేవాళ్ల సంతకం ఒకటి, ఒప్పుకునేవాళ్ల సంతకం ఒకటి. ఇద్దరూ ఒకరే కాకూడదు. ఇప్పుడు అడిగేదీ నేనే, ఒప్పుకోవాల్సిందీ నేనే. ఆ రూలు రాసిందీ నేనే.

"ఏమప్పా, ఆడ మనుషులు కండ్లు తిరిగి పడతాంటే నీకు ఫారం కావాల్నా?"

"నాకేంటికక్కా ఫారం? అది లేకుండా తెరిస్తే ఉద్యోగం ఉండదని నువ్వే రాసి గోడకు అంటించినావు."

చూశాను. నిజమే. ల్యామినేషన్ కూడా చేయించాను.

ఇక నా తర్వాత సంతకం చెల్లేది మా సారుదే. ఆయన చుట్టాలకు గండికోట చూపిస్తున్నారు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. తొమ్మిదిన్నరకు ఎక్కడో లోయ అంచున సిగ్నల్ దొరికినట్టుంది, "సరే" అని మెసేజ్ వచ్చింది. మద్దిలేటి దాన్ని ప్రింటు తీసి, ఫారానికి పిన్ను కొట్టి, ఫైల్లో పెట్టి, అప్పుడు తెరిచాడు.

కనెక్ట్ అయ్యాను. షాహీన్‌కు ఫోన్ చేసి, వచ్చేసినా, పెద్దాయన ఎట్లుండాడమ్మా అన్నాను.

"ఆయన రక్తమిచ్చి, ఇడ్లీ తిని, ఇంటికి గూడా పోయినాడక్కా. క్యాలెండర్ కాగితాలు చించి నంబర్లు రాసిచ్చినా. అందరిదీ అయిపాయ."

ఇంత కష్టపడి వచ్చినదాన్ని ఊరికే పోవడమెందుకని కాసేపు లోపలంతా తిరిగి చూశాను. చీమ కూడా దూరిన జాడ లేదు. సెక్యూరిటీ శానా బాగుండాది.